సున్నం కుంచె ఎవరిది?

చరిత్ర పుస్తకాల్లో కోయిలకుంట్ల 1847 దగ్గర కనిపిస్తుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఇక్కడే ఉరితీశారు. భూగర్భశాస్త్రంలో ఈ ఊరికి మరో గుర్తింపు ఉంది. కడప, కర్నూలు శిలలపై విలియం కింగ్ 1872లో వెలువరించిన నివేదిక కాలం నుంచీ ఇక్కడి సున్నపురాతి పొరను ఊరి పేరుతోనే పిలుస్తున్నారు. ఈ సున్నపురాతి సీమలో ఏటా పండక్కి గోడలకు సున్నం కొట్టిన ఆడవాళ్ళ చరిత్ర మాత్రం ఏ పుస్తకంలోనూ చోటు చేసుకోలేదు.

కాల్చిన సున్నపురాయి నీళ్ళలో వేస్తే కుతకుత ఉడుకుతుంది. చల్లారాక పాతగుడ్డలో వడగట్టి, పాలలా పలుచన చేసి, పట్టు కోసం గంజో తుమ్మజిగురో, తెల్లదనానికి చిటికెడు నీలిమందో కలుపుతారు. గోడను ముందు తడపాలి. పొడిగోడ నీటిని గబుక్కున పీల్చేస్తే సున్నం చేతికి అంటుతూ రాలిపోతుంది. ఒకేసారి మందంగా వేస్తే పెచ్చులూడుతుంది, పలచగా రెండు మూడు పూతలు వేస్తే నిలుస్తుంది. తడిగా ఉన్నప్పుడు పూత సరిగా కనబడదు. ఆరాక రాబోయే తెలుపును ఊహించుకుంటూ కుంచె నడపాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని ఆ పూత మెల్లగా మళ్ళీ రాయిగా మారుతుంది. చివర గోడ అడుగున జాజుతో ఎర్రపట్టీ తీరుస్తారు.

ఇంత తెలివిడి కావలసిన పనికి విద్య అన్న పేరు రాలేదు. సున్నం తిన్న వేళ్ళు పొక్కినా, ఇల్లు అలికినట్టే ఇదీ ఇంటి చాకిరీలో కలిసిపోయింది. డిస్టెంపర్లు, ఎనామిల్ రంగులు వచ్చి గోడకు రంగు వేయడం కూలి దొరికే పనయ్యాక కుంచె చాలావరకు మగవాళ్ళ చేతికి పోయింది. ఆడవాళ్ళకు మిగిలింది సామాన్లు సర్దడం, గీకిన పాత రంగు ఊడ్చడం.

ఆ ఊడ్చే దుమ్ము సామాన్యమైనది కాదు. పాత ఎనామిల్ పూతల్లో సీసం ఉండవచ్చు. అది పిల్లల మెదడుకూ, కడుపులోని బిడ్డకూ హాని చేస్తుంది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న 2016 నాటి నిబంధనలు 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అవి కొత్త డబ్బాలకే. గోడమీది పాత పొరలకు వర్తించవు. ఇప్పటికీ వాటిని పొడిగా గీకుతారు, చీపురుతో ఊడుస్తారు. తడిపి గీకి, తడిగుడ్డతో ఎత్తాలని ఊడ్చే మనిషికి చెప్పేవాళ్ళు తక్కువ.

స్త్రీల సృజన అనగానే ముగ్గు గురించి రాస్తాం. ఆ ముగ్గుకు వెనకున్న గోడ గురించి కూడా రాయాలి. కూలి లేనన్నాళ్ళూ ఆ నైపుణ్యం ఎవరిదో, కూలి వచ్చాక ఎవరిదయిందో, దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లో చేరిందో అడగకపోతే శ్రమ చరిత్ర సగమే అవుతుంది.