ఫోను ఎవరి చేతిలో ఉంది?

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో చర్చిలు మూతపడ్డాక పట్నాల్లో ఆరాధన యూట్యూబ్‌లోకీ జూమ్‌లోకీ మారిపోయింది. విశాఖలో మా పిన్ని ఆదివారం పొద్దున్నే తలమీద ముసుగేసుకుని ఫోను ముందు కూర్చునేది. 2022లో అరకు పైన ఒక కోదు గూడేనికి వెళ్ళినప్పుడు అక్కడి ఆడవాళ్ళని దాని గురించే అడిగాను.

"సిగ్నల్ కొండమీద, ఫోను ఆయన జేబులో" అంటూ నవ్వింది ఒకామె. ఆమె దగ్గర ఉన్నది ఒక చిన్న మెమరీ కార్డు, దాన్ని పెట్టి వినే స్పీకరు. అందులో కువి భాషలో బైబిలు కథలు.

ఆ కార్డుకి వెనక చాలా చరిత్ర ఉంది. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి జయపురం సీమకి లూథరన్ మిషనరీలు వచ్చారు. ఆ మిషన్‌కి చెందిన షుల్జ్ 1911లో కువి వ్యాకరణం అచ్చు వేయించాడు. గొప్ప పనే. కానీ పుస్తకం చదువొచ్చినవాళ్ళది కదా! చదువు ఈ కొండల్లో ఆడపిల్లల దాకా రావడానికి ఇంకెన్నేళ్ళు పట్టిందో మనకి తెలుసు.

గొంతుతో పని మొదలుపెట్టింది ఒక స్త్రీ. హోండురాస్‌లో మిషనరీగా పనిచేసిన జాయ్ రిడర్‌హాఫ్ జబ్బుపడి లాస్ ఏంజెలెస్ తిరిగొచ్చింది. తను వెళ్ళలేని కొండలకి గ్రామఫోన్ రికార్డులు పంపుదామనుకుని, 1939లో 'గాస్పెల్ రికార్డింగ్స్' స్థాపించింది. స్నేహితురాలు ఆన్ షెర్వుడ్‌తో దేశాలు తిరిగి, తమకి రాని భాషల్ని రికార్డు చేసింది. దుబాసీ ఒక్కో వాక్యం అందిస్తే, ఆ భాషవాళ్ళు తమ భాషలో చెప్పేవారు. ముక్కలన్నీ తర్వాత అతికేవారు. కరెంటు లేని ఊళ్ళకి చేత్తో తిప్పే అట్టపెట్టె ప్లేయరు కూడా తయారైంది. ఇవాళ ఆ సంస్థ పేరు గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్. 6,000కు పైగా భాషలు, మాండలికాల ధ్వనులు దాని వెబ్‌సైటులోనూ 'ఫైవ్‌ఫిష్' ఆప్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి. కువి కూడా ఉంది.

నాకు మాత్రం ఒక ఇబ్బంది. గొంతు వాళ్ళదే, ఏం చెప్పాలో నిర్ణయించింది బయటివాళ్ళు. చైత్రంలో ఇటుకల పండగకి పాడే పాటల్ని ఇంత శ్రద్ధగా దాచినవారెవరు? ఈ మాట అక్కడ అన్నాను కూడా. ఆమె నన్ను వింతగా చూసింది. "అవి మాకు నోటికొచ్చు కదమ్మా" అంది.

నేను బయల్దేరుతుంటే నా ఫోను అడిగింది. మైకు ఎక్కడుందో చూపించాను. చర్చిలో మగవాళ్ళే ప్రార్థన చేస్తారట. ఆమె కళ్ళు మూసుకుని కువిలో చాలాసేపు మాట్లాడింది. నాకు అర్థమైనవి రెండే పేర్లు, యేసుదీ కూతురుదీ.

"ఎవరికి పంపమంటావప్పా?"

"పాడేరు హాస్టల్లో పిల్ల ఉంది. వార్డెనమ్మ ఫోనుకి పంపు. ఆయనకి వద్దు."