కెరాస్ కెపాల

కెరాస్ కెపాల అన్నది ఎవరేం చెప్పినా చెవిన పెట్టని మొండిమనిషి గురించి సింగపూర్‌లోనూ తక్కిన మలయ్ సీమల్లోనూ వినిపించే పలుకుబడి. కెరాస్ అంటే గట్టి, కెపాల అంటే తల. మొదటిది మలయ్ సొంత మాట. రెండోది సంస్కృత కపాలం. సింగపూర్ పేరులోని సింహపురంలాగే సముద్రం దాటి వెళ్ళింది. సుమత్రాలోని పాలెంబాంగ్ దగ్గర దొరికిన క్రీ.శ. 682 నాటి కెడుకాన్ బుకిత్ శాసనం పాత మలయ్‌లో, పల్లవ లిపిలో, సంస్కృత పదాలు కలిసి ఉంది. ఆ రాకపోకలు అంత పాతవి.

అయితే మాట ఇక్కణ్ణుంచి వెళ్ళింది కాబట్టి భావమూ ఇక్కడిదే అనుకోవడం పొరపాటు. తెలుగులో కపాలం అంటే ప్రాణం పోయిన పుర్రె, లేదా శివుడి చేతిలోని భిక్షాపాత్ర. మొండివాడిది గట్టి కపాలమని మనం ఎన్నడూ అనం. ఆ ఎముకకు రక్తమాంసాలు పోసింది మలయ్ భాషే. సింగపూర్‌లో పేరుపడ్డ చేపతల పులుసును మలయ్‌లో కారి కెపాల ఇకాన్ అంటారు. కళ్ళూ బుగ్గల కండా చెదరకుండా ఎర్రటి పులుసులో ఉడికిన నిండు తల అది. పదిమందికి పెద్దగా నిలిచినవాడూ కెపాలే. తలకు అంతకుముందున్న మాట హులు ఇప్పుడు ఏటి ఎగువకూ కత్తిపిడికీ మిగిలింది. మలయ్‌కు చుట్టమైన ఫిలిప్పీన్స్ భాష తగలోగ్‌లో మాత్రం ఆ పాత మాటే ఉలోగా నిలిచింది. అక్కడా మొండివాణ్ణి తల గట్టివాడనే అంటారు. సంస్కృత పదం లేకుండానే ఆ ఊహ నడుస్తోందన్నమాట.

ఆ ఊహ ఐరోపావాళ్ళది కావచ్చుగా అని అడగవచ్చు. పోర్చుగీసులు 1511లో మలక్కాను పట్టుకున్నారు, స్పానిష్‌వాళ్ళు 1565 నుంచి ఫిలిప్పీన్స్‌లో పాతుకున్నారు, స్పానిష్‌లోనూ మొండివాడు గట్టి తలవాడే. తగలోగ్ విషయంలో ఈ అనుమానాన్ని కొట్టిపారేయలేం. మలయ్‌లో మాత్రం ఇది ఒంటరి పలుకుబడి కాదు. కెపాల బాతు అంటే రాతితల, అదీ మొండితనమే. బెసార్ కెపాల అంటే పెద్దతల, పొగరుబోతు. కెరాస్ హాతి అంటే గట్టి కాలేయం, మనం గుండెదిటవు అనేదానికి దగ్గర. ఇంత సంసారం ఉన్న పలుకుబడిని అరువు సొమ్మనడానికి నాకు మనసొప్పదు. పైగా ఏ స్పానిష్‌వాడూ నేర్పకుండానే మనకు తలబిరుసు ఉంది. కాకపోతే అది పొగరు వైపు మొగ్గుతుంది. మన మొండితనం తలలో లేదు. మొండిగోడ, మొండిచెయ్యి అన్నప్పుడు వినిపించే తెగిపోయినతనంలో ఉంది. పిడివాదంలోనైతే బిగించిన పిడికిట్లో ఉంది. సింగపూర్ అధికార భాషల్లో మలయ్ పక్కనే ఉన్న తమిళంలోనూ పిడివాదం అంటే మొండిపట్టే.