గాలే గాజు: సంతకం ప్రామాణికతపై ఒక పరిశీలన

పాతకాలపు కళాత్మక గాజును గుర్తించబూనేవారు మొదట వెదికేది సంతకాన్నే. ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరానికి చెందిన ఎమీల్ గాలే (1846–1904) విషయంలో ఈ అలవాటు తరచు తప్పుదారి పట్టిస్తుంది. ఆయన పేరు ఆయన మరణానంతరం కూడా రెండు దశాబ్దాలకు పైగా గాజుపాత్రలపై కనిపిస్తూనే ఉంది. కనుక అది వ్యక్తి చేవ్రాలు అనడంకన్నా కర్మాగారపు ముద్ర అనడం సమంజసం.

నిజానికి గాలే జీవించి ఉన్న కాలంలోనూ పరిస్థితి ఇంతకు భిన్నం కాదు. రూపకల్పన ఆయనది, ఊదినవారు, చెక్కినవారు పనివారు. 1894లో నాన్సీలో సొంత కొలిమి ఏర్పడేవరకు ఆయన గాజు మైజెంతాల్‌లో తయారయ్యేది. 1871 తరువాత ఆ ఊరు జర్మనీ ఏలుబడిలో ఉంది. దేశభక్తుడిగా పేరుపడిన ఫ్రెంచి కళాకారుని గాజు జర్మన్ భూభాగంలో రూపొందడం చరిత్రలోని ఒక వైచిత్రి.

కాబట్టి నిర్ధారణకు ఆధారం పనితనమే కావాలి. గాలే కేమియో గాజులో భిన్న వర్ణాల పొరలు ఒకదానిపై ఒకటి అతికి ఉంటాయి. పై పొరను తొలగిస్తే అడుగు రంగు బయటపడి, పువ్వో తూనీగో ఉబ్బెత్తుగా నిలుస్తుంది. ఈ తొలగింపు రెండు విధాలు. తిరిగే చక్రంతో చెక్కిన చోట రేకు అంచు పలచబడుతూ నేపథ్యంలో కలిసిపోతుంది, సన్నని పనిముట్టు జాడలు మిగులుతాయి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తినిపించిన చోట అంచులు మెట్లుమెట్లుగా తెగి ఉంటాయి. మొదటిది దీర్ఘశ్రమ, రెండవది శ్రేణి ఉత్పత్తికి అనువైనది. సంతకం ఒకటే అయినా విలువలో ఇంత అంతరం రావడానికి ముఖ్యకారణం ఇదే.

గాలే మరణించాక సంస్థను ఆయన భార్య హెన్రియెట్ నడిపింది. ఆ తొలి సంవత్సరాలలో పేరు పక్కన చిన్న నక్షత్రం చేర్చారు. సేకర్తలు ఈ నక్షత్రాన్ని లోపంగా చూస్తుంటారు. చరిత్రకారునికి మాత్రం అది అరుదైన మేలు. సంతకం తనంతట తానే కాలాన్ని తెలిపే సందర్భాలు గాలే గాజులో కొద్దే.

రొమేనియాలో తయారైన అనుకరణల సంగతి వేరు. వాటిపై గాలే పేరుతోపాటు 'టిప్' అని ఉంటుంది. రొమేనియన్‌లో దానికి 'తరహా' అని అర్థం. తయారీదారు దాచలేదు. ఆ మూడక్షరాలను అరగదీసి అమ్మినవారిదే మోసం. పాత్రను ఏటవాలు వెలుతురులో తిప్పి చూస్తే, పేరు పక్కన చదునైన మరక ఒకటి కనిపిస్తుంది.