ఆయుర్దాయమునకు రెండు కొలతలు

రోగి ఎంతకాలము జీవించెను? ఆ కాలమును ఎట్లు గడపెను? మొదటి ప్రశ్నకు క్యాలెండరు చాలును. రెండవదానికి గణాంకశాస్త్రము చాలకాలము దారి వెదకవలసివచ్చినది. ఆ చరిత్రలో ఇద్దరు తెలుగువారికి స్థానము కలదు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పనిచేయు కాలమున, వారి బృందము ఎమినోప్టెరిన్ అను ఔషధమును తయారుచేసెను. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే. పైగా మందువలన నోటిపూత వంటి బాధలు కలిగెను. అట్లు దక్కిన కాలమునకు విలువ కట్టుట ఎట్లు?

ఆ సంవత్సరముననే కార్నాఫ్‌స్కీయు, ఆయన సహచరులును, రోగి తన పనులు తాను చేసికొనగల శక్తికి 0 నుండి 100 వరకు అంకెలు వేయు పద్ధతిని తెలిపిరి. పరిశీలన ముగియునాటికి బ్రతికియున్నవారిని గూడ విడువక ఆయుఃకాలమును అంచనావేయు మార్గమును 1958లో కప్లాన్, మయర్ చూపిరి. అయినను ఈ రెండు లెక్కలు వేరువేరుగానే సాగెను.

1986లో గెల్బర్, గోల్డ్‌హిర్ష్ వానిని దగ్గరకు తెచ్చిరి. మందు బాధించు కాలము, సుఖముగా గడచు కాలము, వ్యాధి తిరుగబెట్టిన కాలము అని ఆయువును విభజించిరి. పిమ్మట కష్టకాలమునకు తగ్గింపు విలువ కట్టు పద్ధతి వచ్చెను. ఉదాహరణకు, ఎర్రమంచి రైతు ఒకరు బెంగుళూరు ఆసుపత్రికి వెళ్ళిరనుకొందము. ఒక చికిత్సచే 20 నెలలు: బాధ 6, సుఖము 10, తిరుగబెట్టిన వ్యాధి 4. మరియొకదానిచే 17 నెలలు: ఇవి వరుసగా 1, 14, 2. కష్టపు నెలను అరనెలగా ఎంచినచో మొదటిది 15 నెలలకు, రెండవది పదిహేనున్నర నెలలకు సమానమగును. తక్కువ ఆయువు నిచ్చు చికిత్సయే మేలుగా తేలినది!

ఇంకొక చిక్కు గలదు. నీరసించినవారు ముందుగా మరణింతురు. మిగిలినవారి జవాబులకు మాత్రమే సగటు కట్టినచో, అందరును కోలుకొనుచున్నట్లు తోచును. అందుచే రోగి స్థితిలోని మార్పును, మరణమును ఒకే లెక్కలో చూడవలెను. ఎయిడ్స్ రోగుల రక్తకణముల విషయమున అట్టి పద్ధతిని 1997లో వుల్ఫ్‌సోన్, సియాటిస్ ప్రకటించిరి. అందు ప్రతి రోగికిని ప్రత్యేకమైన గతిరేఖను ఊహింతురు. ఇట్టి రేఖల గణితమును గూర్చి 1965లోనే వ్రాసినవారిలో, ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన సి. ఆర్. రావుగారు ఒకరు.

పై లెక్కలో ఆ "అర" అను విలువ మారినచో తీర్పును మారును. దానిని చెప్పవలసినది మంచముపై నున్న మనిషి. కనుక వైద్యుడు నెలలసంఖ్య చెప్పినప్పుడు, ఆ నెలలు ఎట్లు గడచునో గూడ ఇంటివారు అడుగుట మంచిది.