మయ్యత్ ఇంటికొచ్చే దారి

మా గురించి రాసిన చరిత్రల్లో నవాబులుంటారు. కోటలుంటాయి, గుంబజులుంటాయి, అత్తరు వాసనలుంటాయి. దమ్మాం నుంచో, కువైట్ నుంచో పెట్టెలో వచ్చిన మా మయ్యత్‌లు మాత్రం ఏ చరిత్రలోనూ కనబడవు. యాభై ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయవి. మొదట్లో బొంబాయికి, తర్వాత బేగంపేటకు, 2008 నుంచి శంషాబాద్‌కు. కార్గో గేటు ముందు నిలబడి సంతకం పెట్టి పెట్టెను తీసుకున్నవాళ్ళం మేం. ఈ చరిత్ర మేమే రాసుకోవాలి.

మనిషి చచ్చాక శవం ఎక్కడికి పోవాలన్నది దేవుడి నిర్ణయమని పెద్దలంటారు. చరిత్ర చూస్తే అది చాలాసార్లు రాజ్యం నిర్ణయం. ముందు పాదుషాల సంగతే చూద్దాం.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్ళు బహదూర్ షా జఫర్‌ని ఢిల్లీ నుంచి రంగూన్‌కు తరలించారు. 1862 నవంబరు 7న ఆయన అక్కడే పోయాడు. ఆ రోజే పూడ్చేశారు. సమాధి ఆనవాలు మిగలకుండా పైన మట్టి చదును చేశారు. బతికున్న ముసలి పాదుషా కంటే జనం చుట్టూ చేరే సమాధికే వాళ్ళు ఎక్కువ భయపడ్డారు. ఆ సమాధి మళ్ళీ బయటపడింది 1991లో, అదీ తవ్వకాల్లో అనుకోకుండా.

రెండో శవం కథ హైదరాబాద్‌తో ముడిపడింది. 1924 మార్చిలో టర్కీ ప్రభుత్వం ఖిలాఫత్‌ని రద్దు చేసి చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను దేశం నుంచి వెళ్ళగొట్టింది. ఆయనకు నెలనెలా డబ్బు పంపింది మన నిజాం. 1931లో ఆయన కూతురు దుర్రెషెహ్వార్ నిజాం పెద్దకొడుకు ఆజం జా భార్య అయింది. ఖలీఫా 1944 ఆగస్టులో పారిస్‌లో చనిపోయాడు. పుట్టిన దేశంలో పూడ్చడానికి టర్కీ ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్న ఔరంగాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో ఆయన కోసం సమాధి కట్టారు. శవం మాత్రం పారిస్ మసీదులోనే దాదాపు పదేళ్ళు ఉండిపోయింది. ఈలోగా 1948లో నిజాం రాజ్యమే పోయింది. చివరికి 1954లో మదీనాలో ఖననం చేశారు. ఖుల్దాబాద్ సమాధిలోకి మనిషి రానేలేదు.

మూడోది ఇటీవలిదే. ఆ దుర్రెషెహ్వార్ కొడుకు ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. మూడు రోజుల్లో ప్రత్యేక విమానంలో మయ్యత్ హైదరాబాద్ చేరింది. చౌమహల్లాలో జనం చూశారు. 18న ప్రభుత్వ లాంఛనాలతో మక్కా మసీదులో తాత తండ్రుల పక్కన ఖననమైంది. ఆయన కోరిక అదేనట. తీరింది, సంతోషం. ఎవరి మయ్యత్ అయినా సొంత మట్టికి చేరితే సంతోషమే. కానీ ఆ నాలుగు రోజులు మా మనసులో ఉండిపోయాయి. నిజామాబాద్ కూలీ మయ్యత్ రియాద్ మార్చురీలో ఎన్ని వారాలు, ఒక్కోసారి ఎన్ని నెలలు పడుంటుందో తెలిసినవాళ్ళం కాబట్టి.

అసలు మేం అక్కడికెందుకు పోయాం? మత ప్రేమతో పోయామనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. హైదరాబాద్‌లో బార్కస్ అనే బస్తీ ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల బ్యారక్సు అది. అంటే ఒకప్పుడు వాళ్ళే పొట్ట చేతపట్టుకుని మన దగ్గరికొచ్చారు. 1948 పోలీసు చర్య ఆ రోజుల్ని తుడిచేసింది. సుందర్‌లాల్ బృందం కనీస అంచనా ప్రకారమే 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారు. శవాలు పడేసిన బావుల సంగతి ఆ బృందమే రాసింది. గుసుల్ లేదు, కఫన్ లేదు, జనాజా లేదు. ఆ నివేదిక మామూలు జనం చేతికొచ్చింది 2013లో. మిగిలిన వాళ్ళకు సర్కారు నౌకర్లు పోయాయి, జాగీర్ల మీద బతికిన నౌకర్ల పొట్టలూ ఎండాయి. పాతబస్తీలో చదువు ఆగిన పిల్లలకు రిక్షా, మెకానిక్ షెడ్డు, జరీ పని మిగిలాయి. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్‌లో రోడ్లు, ఓడరేవులు, మేడలు లేవడం మొదలయ్యాక అక్కడ చేతులు కావాల్సొచ్చాయి. మా దగ్గర ఖాళీగా ఉన్నవి చేతులే.

మేమొక్కళ్ళమే పోలేదు. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి బోర్లు ఎండిన రైతులు, మగ్గం ఆగిన నేతగాళ్ళు పోయారు. కడప, రాయచోటి నుంచి ఆడవాళ్ళు కువైట్ ఇళ్ళల్లో ఖద్దామాలుగా పోయారు. 1983లో వలసల చట్టం వచ్చింది. చదువు తక్కువ ఉన్నవాడి పాస్‌పోర్టు మీద ప్రభుత్వ అనుమతి కావాలని ముద్ర పడింది. ఆ ముద్ర తప్పించుకోడానికి ఏజెంట్లు విజిట్ వీసాలు, ఆజాద్ వీసాలు అమ్మారు. అలా పోయినవాడు బతికుండగా ఏ లెక్కలోనూ ఉండడు. చచ్చాకే లెక్కకొస్తాడు.

చచ్చాక ఏం జరుగుతుంది? ఇది తెలియని ఇల్లు మా మొహల్లాల్లో తక్కువ. ముందు గదిలో కలిసుండే తోటి కార్మికుడి నుంచి ఫోనొస్తుంది. పోలీసు రిపోర్టు, ఆసుపత్రి రిపోర్టు రావాలి. కఫీల్ వచ్చి సంతకం పెట్టాలి. ఇక్కణ్ణుంచి వారసులు ఒప్పుకోలు పత్రం రాసి, నోటరీ చేయించి పంపాలి. దాని మీద రాయబార కార్యాలయం నిరభ్యంతర పత్రం ఇస్తుంది, పాస్‌పోర్టు రద్దు చేస్తుంది. అక్కడి ప్రభుత్వం మరణ పత్రం ఇవ్వాలి. చచ్చినవాడికీ ఆఖరి ఖరూజ్, అంటే దేశం దాటే అనుమతి కావాలి. శవం చెడకుండా మందు ఎక్కించి, పెట్టె సీలు చేసి, రెండింటికీ సర్టిఫికెట్లు తీసుకోవాలి. చివరికి విమానంలో సరుకుల అరలో చోటు. మనిషిని తూకం వేసి కిలోకింతని కట్టించుకున్న రోజులు చాలాకాలం నడిచాయి. జనం గోల చేశాక, అప్పటికి ప్రభుత్వ సంస్థగా ఉన్న ఎయిరిండియా 2019 జనవరిలో ఎమిరేట్స్ నుంచి తెచ్చే శవాలకు తూకం మానేసి 1,500 దిర్హములని ఒకే ధర పెట్టింది.

వీటిలో ఒక్క కాగితం ఆగితే మయ్యత్ ఆగుతుంది. పనిచేసే చోటు విడిచి పారిపోయాడని కఫీల్ 'హురూబ్' రాయించి ఉంటే ఇంకా కష్టం. అతని కోసం సంతకం పెట్టేవాడే ఉండడు. అప్పుడు పరుగెత్తేది తోటి కూలీలే. సిరిసిల్ల మల్లయ్యలాంటి వాళ్ళ పెట్టె కోసం మా రహీంలాంటి వాళ్ళు సెలవు పెట్టి ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. మా వాళ్ళ మయ్యత్ కోసం మల్లయ్యలు గది గదికీ వెళ్ళి చందా వసూలు చేస్తారు. మత సామరస్యం మీద ఉపన్యాసాలు విన్నవాళ్ళు ఈ చందా పుస్తకాలు కూడా చూడాలి.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. సౌదీ కార్మిక చట్టం, 2005 నాటిది, 40వ అధికరణం స్పష్టంగా చెబుతుంది: కార్మికుడు చనిపోతే శవాన్ని సిద్ధం చేసి, అతన్ని తెచ్చుకున్న చోటికి పంపే ఖర్చు యజమానిదే. సామాజిక బీమా సంస్థ ఆ ఖర్చు పెట్టుకుంటే తప్ప. ఇంకో మినహాయింపుంది. కుటుంబం ఒప్పుకుంటే అక్కడే పూడ్చవచ్చు. చదవడానికి చిన్న మాట. కానీ ఈ ఒప్పుకోలు మీదే యజమాని ఖర్చంతా ఆధారపడి ఉంది. ఒక్క సంతకంతో పెట్టె ఖర్చు, మందు ఖర్చు, విమానం ఖర్చు మిగులుతాయి.

సౌదీలో దహనానికి అనుమతి లేదు. అందుకే హిందూ కార్మికుడి కుటుంబం శవం పంపమని పట్టుబడితే కనీసం ఆ పట్టుదల అర్థమవుతుంది. మా కుటుంబం అడిగితే అందరికీ ఆశ్చర్యం. 'ముస్లిం దేశమే కదా, అక్కడే మట్టి చేయొచ్చు కదా' అంటారు. యజమాని మనిషి అంటాడు, ఏజెంటంటాడు, ఇక్కడి ఆఫీసులో గుమాస్తా అంటాడు. అందులో జాలి కొంత, సౌకర్యం ఎక్కువ. మాకూ ఒక ఊరుంటుందని, ఆ ఊరి ఖబరస్తాన్‌లో వేపచెట్టు కింద మా అబ్బాజాన్ సమాధి ఉంటుందని, దాని పక్కన చోటు మా కోసమే ఉందని వాళ్ళకు తట్టదు.

మా పెద్దల్లోనూ కొందరు ఇదే మాట వేరేగా చెబుతారు. త్వరగా ఖననం చేయమని దీన్ చెబుతోంది, చనిపోయిన చోటే మట్టి మేలు, పైగా పవిత్ర భూమి, అదృష్టమనుకోండి అంటారు. ఫిఖ్‌లో ఆ మాట ఉన్నది నిజమే. మన తెలుగు నేల మీద ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతి శవాన్ని దూరం మోయడాన్ని మెచ్చుకోదు. కానీ అఖీఖ్‌లో చనిపోయిన సహాబీ సాద్ బిన్ అబీ వఖాస్‌ని మదీనాకు మోసుకొచ్చి ఖననం చేశారన్నదీ మన పుస్తకాల్లోనే ఉంది. ఇంకో చిక్కుంది. ఎదురుగా మయ్యత్ లేకుండా చదివే గాయిబానా జనాజాని షాఫయీలు ఒప్పుకుంటారు, హనఫీలు ఒప్పుకోరు. బార్కస్ అరబ్బులు షాఫయీలు. అంటే కొడుకు జెద్దాలో ఖననమైతే బార్కస్ తండ్రి ఇక్కడ జనాజా నమాజు చదువుకోగలడు. బోధన్ తండ్రికి ఆ వీలూ లేదు. మయ్యత్ రాదు, నమాజు లేదు. మిగిలేది దువా ఒక్కటే.

హజ్‌కో ఉమ్రాకో పోయి అక్కడ కన్నుమూసిన వాళ్ళ సంగతి వేరు. 2025 నవంబరులో మదీనా దగ్గర బస్సు కాలిపోయి హైదరాబాద్ యాత్రికులు 40 మందికి పైగా చనిపోతే జన్నతుల్ బఖీలో ఖననం చేశారు. ఇంటికిద్దరు చొప్పున బంధువుల్ని ప్రభుత్వం పంపింది. యాత్రికుడు ఆ మట్టిని కోరుకుని బయలుదేరతాడు. కూలీ తిరిగి రావాలని బయలుదేరతాడు. ఇద్దరినీ ఒకే మాటతో ఓదార్చడం న్యాయం కాదు.

ఒప్పుకోలు పత్రం మీద ఎవరి సంతకం ఉండాలి? వారసుల్లో మొదటిది భార్య. కానీ మన ఇళ్ళల్లో ఆమెను అడిగేదెవరు? మామ చెబుతాడు, మరిది కాగితం తెస్తాడు, ఆమె వేలిముద్ర వేస్తుంది. అటు ఇద్దత్ లెక్క నడుస్తూనే ఉంటుంది. నాలుగు నెలల పది రోజులు చనిపోయిన రోజు నుంచి లెక్క, కబురందిన రోజు నుంచి కాదు. కబురు రెండు నెలలు ఆలస్యమైతే ఆమె ఇద్దత్‌లో సగం రంగు గాజులతోనే గడిచిపోతుంది. పెట్టె వచ్చేసరికి ఇద్దత్ అయిపోయిన ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ ముఖం చూస్తే తప్ప నమ్మలేనివాళ్ళూ ఉన్నారు. కువైట్‌లో చనిపోయిన ఖద్దామా అయితే, నాలుగు గోడల మధ్య ఏం జరిగిందో చెప్పే తోటి మనిషి కూడా ఉండదు. ఆమె విషయంలో శవం రావడమంటే సాక్ష్యం రావడం. అక్కడే పూడిస్తే ఆ సాక్ష్యం కూడా పూడిపోతుంది.

రాజ్యం ఏం చేసింది? 2003లో ప్రవాసీ బీమా పెట్టింది. ఇప్పుడది 10 లక్షలు. కానీ ప్రమాదంలో పోతేనే. యాభై డిగ్రీల ఎండలో పనిచేసి రాత్రి పడుకుని లేవని వాడికి గుండె ఆగిందనో సహజ మరణమనో రాస్తారు. ఇక బీమా లేదు. ఆజాద్ వీసా మీద పోయినవాడికి అసలే లేదు. 2009 నుంచి రాయబార కార్యాలయాల్లో సంక్షేమ నిధి ఉంది. దిక్కులేని శవాలను దాంతో పంపొచ్చు. ఆ సంగతి తెలిసిన కుటుంబాలు తక్కువ. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలిస్తామని ఉత్తర్వు తెచ్చింది. ఏళ్ళ తరబడి ధర్నాలు చేస్తే వచ్చింది అది. 2014 నుంచి 2018 దాకా దాదాపు ఐదేళ్ళలో ఆరు గల్ఫ్ దేశాల్లో చనిపోయిన భారతీయులు 28,523 మందని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. అందులో 12,828 మంది ఒక్క సౌదీలోనే. యుద్ధం లేకుండా పోయిన ప్రాణాలివి.

కరోనా కాలంలో 2020 ఏప్రిల్‌లో అబుదాబి నుంచి ఢిల్లీకి వచ్చిన మూడు శవాలను దింపుకోకుండా అదే విమానంలో వెనక్కి పంపారు. తర్వాతే కేంద్రం నిబంధనలు ప్రకటించింది. ఆ ముగ్గురూ కరోనాతో చనిపోయినవాళ్ళు కారు. రంగూన్ నాటి భయానికి, ఈ భయానికి పేరే తేడా.

అరబ్బు దేశంలో మమ్మల్ని 'హిందీ' అని పిలుస్తారు. ఆ మాటకు అక్కడ భారతీయుడని అర్థం. ఇఖామా మీద మా దేశం పేరు హింద్. అక్కడ మల్లయ్యా హిందీయే, రహీమూ హిందీయే. వెట్టి ఇద్దరికీ ఒకటే, కఫీల్ తిట్టే తిట్టూ ఒకటే. ఇక్కడికొస్తే మా మనసు అక్కడుందని అనుమానిస్తారు. మా మయ్యత్‌లు ఏ దిక్కుకు ప్రయాణం చేశాయో చూడండి. మక్కా మదీనాలున్న నేల నుంచి, నమాజులో మేం ముఖం తిప్పే ఆ దిక్కు నుంచి, కోరుట్లకు, ఆర్మూరుకు, రాయచోటికి వచ్చాయి. అప్పు చేసి తెచ్చుకున్నాం.

ఇది దేశభక్తికి రుజువుగా చెప్పడం లేదు. శవాల్ని చూపించి రుజువులు ఇవ్వాల్సిన అవసరం మాకు లేదు. మేం అడిగేవి మామూలు సంగతులు. ఖననం ఎక్కడన్నది కుటుంబం ఇష్టం కావాలి, యజమాని పొదుపు కాకూడదు. ఒప్పుకోలు పత్రం తెలుగులో, ఉర్దూలో ఉండాలి, భార్యకు చదివి వినిపించాలి. సహజ మరణమని రాస్తే ఎందుకు సహజమో వైద్యుడు కారణం రాయాలి. బీమా అన్ని చావులకూ వర్తించాలి. జీతం బకాయి పెట్టెతో పాటే రావాలి. ఇవి ముస్లిముల కోసం మాత్రమే అడుగుతున్నవి కావు. పెట్టె మీద అంటించే కాగితంలో మతం గడి ఉన్నా లేకపోయినా, లోపలున్నది తెలుగు కూలీ.