సర్వర్ బిజీ అంటే ఎంత బిజీ? లోడ్ యావరేజ్ చరిత్ర

స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కు ఆఖరి రోజు మనకు వినిపించే మాట ఒకటే, "సర్వర్ బిజీ". ఎంత బిజీ అని అడిగితే చెప్పేవాళ్లుండరు. కానీ దానికో అంకె ఉంది, లోడ్ యావరేజ్ అంటారు. యాభై ఏళ్ల పైబడిన అంకె అది.

1970ల మొదట్లో కంప్యూటర్ మనిషికొకటి ఉండేది కాదు. తండాకంతా ఒకే బోరు ఉన్నట్టు, చానామంది ఒకే మిషన్ను పంచుకునేవాళ్లు. అమెరికాలో బీబీఎన్ అనే కంపెనీ పీడీపీ-10 మిషన్ కోసం టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. ఈ మిషన్లు ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్‌లో ఉండేవి. ఆ నెట్‌వర్క్ వాళ్లు రాసుకునే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో 546వది 1973 ఆగస్టులో వచ్చింది. జూలైలో టెనెక్స్ మిషన్ల మీద లోడ్ ఎంతుందో అందులో ఇచ్చారు. అర్థమూ చెప్పారు: ఒకే ప్రాసెసర్ ఉన్నచోట లోడ్ 10 అంటే ఒక పని నడుస్తా ఉంది, తొమ్మిది కాచుకోనున్నాయి.

కాచుకున్నవాళ్లను కూడా లెక్కలో పెట్టినారు చూడండి, నాకు నచ్చింది అదే. ఎప్పుడూ క్యూ చివర్లో ఉండే మనకు దాని విలువ తెలుసు.

తర్వాత ఇది యూనిక్స్‌లోకి, లైనక్స్‌లోకి వచ్చింది. లైనక్స్‌లో ఇంకో మలుపు తిరిగింది. మొదట్లో ప్రాసెసర్ కోసం ఆగిన పనులనే లెక్కపెట్టేవాళ్లు. 1993 అక్టోబర్‌లో మథియాస్ ఉర్లిక్స్ ఒక మార్పు పంపినాడు. వేగమైన డిస్క్ తీసి మెల్లని డిస్క్ పెడితే సిస్టమ్ మందగిస్తుంది, లోడ్ అంకె మాత్రం తగ్గుతుంది, ఇదేం లెక్క అన్నది ఆయన వాదన. మెస్సులో వడ్డించే అన్న ఊరికే నిలబడి ఉంటాడు, వంటగదిలోంచి అన్నం రాలేదు. ఆయన ఖాళీ అని క్యూ లేదంటామా? అప్పట్నుంచి లైనక్స్ డిస్క్ కోసం ఆగినవాటినీ కలుపుతుంది. ఆ పాత ఈమెయిల్‌ను 2017లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజినీరు వెతికి బయటపెట్టినాడు.

మీ ల్యాబ్‌లో లైనక్స్ ఉంటే 'అప్‌టైమ్' కమాండ్ కొట్టండి. చివర్లో మూడు అంకెలొస్తాయి: 1, 5, 15 నిమిషాల సగటు. మొదటిది పెద్దగా, మూడోది చిన్నగా ఉంటే రద్దీ ఇప్పుడే పెరుగుతోందని. కోర్లు ఎన్నో కూడా చూసుకోవాల. నీళ్ల ట్యాంకర్‌కు నాలుగు కొళాయిలుంటే నాలుగు బిందెలు క్యూ కాదు కదా, నాలుగు కోర్లకు లోడ్ 4 కూడా అంతే. 20 ఉంటే కష్టమే. లోడ్ 20 ఉండి, 'టాప్' కమాండ్‌లో ప్రాసెసర్ ఖాళీగా కనిపిస్తే మాత్రం కొత్త ప్రాసెసర్ కొన్నా లాభం లేదు, ముందు డిస్క్ చూడాల.