అరచేతి సున్న

పిల్లలను గూర్చి పెద్దలాడు మాటలు రెండు తెగలు. "దీపములు పెట్టువేళకు ఇల్లు చేరవలెను" అనునది యొకటి. "వీడు పుట్టుకతోనే మొండివాడు" అనునది రెండవది. మొదటిది పిల్లవాని పనికి కట్టిన గట్టు. రెండవది పిల్లవానిమీదనే వేసిన ముద్ర. ఈ రెంటికిని గల భేదము మన చరిత్రయందు మిక్కిలి స్పష్టముగ కనబడును.

1822వ సంవత్సరమున చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలలో బడులెన్ని యున్నవో, చదువుకొనువారెందరో తెలియగోరెను. మా విశాఖపట్టణము జిల్లానుండియు లెక్కలు పోయినవి. కాని బడిలోపలి నడవడిని కన్నులకు గట్టినట్లు వ్రాసినవాడు బళ్లారి కలెక్టరు కాంబెల్. తెలుగునకు ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసిన దొర యితడే. 1823లో అతడు పంపిన నివేదికయందు 533 బడులును, 6,641 మంది విద్యార్థులును లెక్కకు వచ్చిరి. వానిలో తెలుగు బడులును, కన్నడ బడులును గలవు.

వీథిబడి ఉదయము ఆరు గంటలకు కూడెడిది. అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగ ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి యెక్కువ. సోమరియైన వానిని బెత్తముతో కొట్టుటయు, రెండు చేతులు కట్టి యింటికప్పునకు వ్రేలదీయుటయు, ఎడతెగక కూర్చుండి లేవజేయుటయు కలదు. వ్రేలదీయుటను మనవారు కోదండమనిరి. కూర్చుండి లేచుటను గుంజిళ్లనిరి. గుంజిళ్లు బాధాకరమైనను ఆరోగ్యమునకు మంచివేమో యని కాంబెల్ వ్రాసెను. తాను తీసియుండడు!

కోదండము క్రౌర్యమే. దానిని నేను సమర్థింపను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున శరీరదండనమును, మానసికముగ వేధించుటను గూడ నిషేధించి మేలు చేసినది. ఐనను ఆ అరచేతిని ఒకపరి చూడుడు. అందలి సున్న చేయి కడుగగనే పోవును. మఱునాడు ముందుగ లేచి వచ్చినవానికే సరస్వతి. ఆ గుర్తు ఆనాటి రాకకే గాని వాని స్వభావమునకు గాదు.

కడుగుటకు వీలులేని ముద్రను తరువాత ప్రభుత్వమే వేసినది. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మన రాజధానికిని వ్యాపించెను. ఎఱుకలవారు మున్నగువారు పుట్టుకచేతనే నేరస్థులని పట్టికల కెక్కిరి. 1913లో బాపట్ల చెంత సాల్వేషన్ ఆర్మీ వారి యాజమాన్యమున స్టూవర్టుపురమను నివేశము వెలసెను. ఆఱేండ్లు దాటి పదునెనిమిదేండ్లు నిండని బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి దిద్దుబాటు బడులలో నుంచుటకు 1911 చట్టము అధికారమిచ్చెను. ఏడేండ్ల పసివాడు ఏమి దొంగిలించెను? ఆ ప్రశ్నకు చట్టమున చోటు లేదు. 1952లో అది దేశమంతట రద్దాయెను. పేరు మాత్రము రద్దు కాలేదు. 1991లో సైతము ఆ యూరి పేరు పోలీసు కథగల సినిమాకు పేరై గోడల కెక్కెను. అక్కడి బడిపిల్లవాడు తన యూరిపేరు చెప్పుటకు సంకోచించినచో వింతయేమి?

ఇప్పుడు ముద్రలు వేయుటకు సర్కారు అక్కఱలేదు, ఇంటివారమే చాలుదుము. మాటలు మాత్రము నాజూకైనవి: అంతర్ముఖుడు, బహిర్ముఖుడు, హైపరు. మొన్న గాజువాకనుండి ఒక పెద్దమనిషి మనుమని వెంటబెట్టుకొని వచ్చి, "మాస్టరుగారూ, వీడు అంతర్ముఖుడని తేలినదండీ" అనెను. తాంబూలము నమలునంతసేపు ఆ మాటకు అర్థమును చక్కగ వివరించెను.

"మంచిది. రాత్రి సెల్‌ఫోను ఎన్ని గంటలకు క్రింద పెట్టవలెనని చెప్పితిరి?" అంటిని.

ఆయన మనుమని వైపు చూచెను. మనుమడు ఫోను వైపు చూచెను.